ఘటం తిరిగొచ్చేదాకా

మా మనవరాలు ఎచ్చెర్లలో చదువుతోంది. శనివారం సాయంత్రం బస్సు దిగి, ఆటో ఎక్కి, అరసవల్లిలో మా సందు చివర దిగుతుంది. మొన్న వచ్చినప్పుడు కాళ్ళయినా కడుక్కోకుండా నా మంచం మీద కూర్చుని, "తాతా, నువ్వు వాయించిన పాట దొరికింది, విను" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది.

విన్నాను. వయొలిన్లున్నాయి. ఫ్లూటుంది. తబలా టపటపలాడుతోంది. పాడినావిడ ఊపిరి పీల్చుకోవడం కూడా తెలుస్తోంది. నేను మాత్రం లేను.

"ఇందులో నువ్వెక్కడున్నావ్ తాతా? నాకేం వినబడట్లేదు."

ఆ ఫోను లాక్కుని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. అగ్గిపెట్టెంత డబ్బాలోంచి బేస్ గిటారు ఎలా వస్తుంది? లోతు శబ్దానికి చోటు కావాలి, గాలి కావాలి. కింద ఉన్నదంతా కోసేసి పైపైది వినిపించే యంత్రాన్ని చెవికి అంటించుకుని జనం పాటలు వింటున్నామనుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో డీజే వాళ్ళది ఇంకో దరిద్రం. లారీ నిండా పెట్టెలు పేర్చి, కిటికీ రెక్కలు ఊడిపోయేలా, పాలు తాగే బిడ్డలు ఉలిక్కిపడి ఏడ్చేలా కొడతారు. దాన్నీ బేసే అంటారట! ఒకడు దాన్ని మొత్తం తీసేస్తాడు, ఇంకొకడు దాంతో మనుషుల్ని బాదుతాడు. అసలు అది చేసే పని ఏమిటో ఒక్కడికీ అక్కర్లేదు.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. లేస్తాను, కూర్చుంటాను, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వస్తాను. అందుకే ఈ రాత. నేను బడికి వెళ్ళింది తక్కువ. కొట్లో పప్పు కట్టిచ్చిన కాగితాలు విప్పి చదివి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కుడి ఎడమలైతే మీరే సర్దుకోండి.

బేస్ ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఆ రోజుల్లో స్టూడియోల్లో అడిగేవారు. మా మావ దగ్గర అనేవాణ్ణి. ఆయన ఏ ఆర్కెస్ట్రాలో అని అడిగేవారు. మావ జన్మలో గిటారు చూసి ఎరగడు.

మా అమ్మకి అన్న ఆయన. జముకుల కథ చెప్పేవాడు. జముకు చూడనివాళ్ళ కోసం చెబుతాను. కుంచమంత ఇత్తడి డబ్బా. ఒక పక్క తోలు బిగించి ఉంటుంది, రెండో పక్క ఖాళీ. తోలు నడిమధ్య నుంచి ఒక నరం డబ్బాలోంచి బయటికి వస్తుంది. దాని కొసకి చిన్న కర్రముక్క. డబ్బా చంకలో ఇరికించి, కర్రముక్కని ఎడం చేత్తో లాగి పట్టి, కుడి చేత్తో నరాన్ని మీటాలి. ఎంత లాగితే శబ్దం అంత పైకి పోతుంది, వదిలితే కడుపులోకి దిగిపోతుంది. మెట్లుండవు, గుర్తులుండవు. చెయ్యి చెప్పిందే స్వరం.

మావ కాళ్ళకి గజ్జెలు కట్టుకుని ముందు నిలబడి పాడేవాడు, ఆడేవాడు, అమ్మవారై గద్దించేవాడు, పిల్లై ఏడ్చేవాడు. పక్కన తాళాలు వేసే ముసలాయన ఒకడు. వెనక జముకుతో నేను. మీసాలు వచ్చీ రాని వయసు.

మా నాన్న చిన్నప్పుడే పోతే అమ్మా నేనూ మావ ఇంట్లోనే ఉండేవాళ్ళం. దసరా వెళ్ళాక ఊళ్ళో గోగు కోసి, కట్టలు కట్టి ఊరి పక్క వాగులో, మా మాటలో గెడ్డలో, నానేసేవారు. నార ఊడిరావాలంటే అది కుళ్ళాలి. ఆ వాసన ఊరంతా పరుచుకునేది. కొత్తవాడు ముక్కు మూసుకునేవాడు. మాకు మాత్రం ఆ కంపు వచ్చిందంటే చేతిలో డబ్బులాడే రోజులొచ్చినట్టు. ఆ కంపులోనే అమ్మవారి పండగ, ఆ కంపులోనే అత్త కాచే చోడి అంబలి, నిప్పుల మీద చిటపటలాడే ఎండు నెత్తళ్ళు. ఇప్పుడు ఆ గెడ్డా లేదు, గోగూ లేదు. సెంట్లు కొట్టుకుని తిరుగుతున్నారు.

ఆ చలిలో, మంచులో తోలు మెత్తబడిపోయేది. కథకి ముందు గడ్డిమంట దగ్గర జముకుని కాచి తోలు బిగించడం నా పని. మంట ఉంది కదా అని అత్త బూడిదలో దాచిన పనసగింజలు దొంగిలించుకొచ్చి అందులో పడేసేవాణ్ణి. ఒకసారి గింజల మీద ధ్యాసలో పడి తోలు అంచు కమిలిపోయింది. మాడిన వాసనకి మావ పరుగెత్తుకొచ్చాడు.

"ఒరే గుంటడా! అమ్మోరికి కథ సెప్పమంటే నువ్వు జముకుని కూరొండీసినావేటిరా!"

చేతికందిన చీపురుతో ఇంటి చుట్టూ తరిమాడు. అత్త గుమ్మంలో నిలబడి, "కొట్టకు, కొట్టకు... నా గింజలు ఎన్ని మిగిలాయో ముందు సూడనీ" అని అరిచింది.

నాకు అప్పుడూ కుదురు ఉండేది కాదు. కాలు నిలిచేది కాదు. విజయనగరంలో మంగలి షాపులో రేడియో ఉండేది. ఏదో సాకు చెప్పి బస్సు మీద లగేజీ ఎక్కించే మనిషిని బతిమాలి అక్కడికి పోయేవాణ్ణి. పాట వస్తుంటే అందరూ పాడేవాణ్ణి వినేవారు. నాకు మాత్రం అడుగున ఏదో పిల్లి నడిచినట్టు వినిపించేది. అది మా జముకే. ఎవడో పట్నంలో మా జముకుని పెద్దది చేసి వాయిస్తున్నాడు! ఇంటికొచ్చి అదంతా జముకు మీద లాగేవాణ్ణి. మావ కథ ఒకటి చెబుతుంటే నేను వెనక సినిమా నడకలు నడిచేవాణ్ణి.

"నీ గెంతులు, నీ ఎగుళ్ళు నాకొద్దురా" అనేవాడు మావ. "సిన్నప్పుడు కథ సెప్తే ఊఁ కొట్టేవోడివి కాదేటి? జముకంటే అదే. ఊఁ అంటే, సెప్పు, నేనున్నాను అని. ఊఁ కొట్టీవోడు నేకపోతే కథ సెప్పీవోడికి నోరు పెగల్దు. నువ్వేటి మద్దెలో నీ కథ సెప్తన్నావు?"

విజయనగరంలో ఒక ఆర్కెస్ట్రా మాస్టారు నా వాయింపు విని రమ్మన్నాడు. నేను వెళ్తానంటాను, మావ వద్దంటాడు. ఆ ఏడు పండగ దాకా మా ఇంట్లో అదే గొడవ. మావకి మొండితనం అనుకున్నాను. అసలు సంగతి అత్తకి తెలుసు.

ఒకనాడు గెడ్డ దగ్గర గోగు కట్టలు తిరగేస్తుంటే అత్త నా పక్కకి వచ్చింది. "మీ మావ మేకని నా పేరెట్టి పిలుస్తన్నాడురా" అంది. నేను నవ్వాను. అత్త నవ్వలేదు. "కథలో కూడా జారిపోతన్నాడు. సూడనేదేటి? పోయిన వారం సెప్పిన ముక్కే రెండుసార్లు సెప్పినాడు. ఈ పండగ్గాని దాటిపోతే సాలు. అంతవరకు ఎల్లకు నాయినా."

ఆ పండగ సంగతి చెప్పాలి. మా ఊళ్ళో అమ్మవారి ఘటం ఎత్తేది ఒక ముసలమ్మ. నిలువెత్తు మనిషి, కత్తిలాంటి నోరు. మధ్యాహ్నం ఘటం నెత్తిన పెట్టుకుని గుడి దగ్గర బయల్దేరి, వీధి వీధీ తిరిగి, ఇంటింటా పసుపునీళ్ళు పోయించుకుని, పొద్దు వాలేవేళకి గుడికి వచ్చేది. ఘటం బయట ఉన్నంతసేపూ గుడి అరుగు మీద కథ ఆగకూడదు. అమ్మ ఊరు చూడ్డానికి వెళ్తే ఆమె కథ ఆమెకి తోడు వెళ్తుందని మావాళ్ళ నమ్మకం. కథ ఆగిందా, ఘటం ఎక్కడుంటే అక్కడే నేలకి దించెయ్యాలి. అలా దిగడం ఊరికి మంచిది కాదు. దించిన పాపం కథ చెప్పేవాళ్ళది. వాళ్ళకి ఇంక ఆ అరుగు లేదు. ఆ అరుగు మా మావకి తండ్రి నుంచి వచ్చింది.

ఊరి ప్రెసిడెంటుకి మాత్రం అరుగు మీద మైకు సెట్టు పెట్టించాలని మనసు. మైకు సెట్టు ఆయన బావమరిదిది. పండగ ముందురోజు మా ఇంటికొచ్చి గడపలో నిలబడి చెప్పాడు.

"సూడు, నీకు వయసు మీద పడతన్నాది. ఈ ఏటికి సెప్పు. మద్దెలో ఆగిందా, వచ్చే ఏటి నుంచి రికార్డులే. రికార్డు ఆగదు కదేటి?"

"కరెంటు పోతే?" అంది అత్త లోపల్నించి.

ప్రెసిడెంటు వినబడనట్టు వెళ్ళిపోయాడు. మావ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోడకి ఆనుకుని పెదవులు కదుపుతూ కూర్చున్నాడు. అరుగు పోతే మావ ఇంక మావ కాడు. చెరువు గట్టున మేకలు కాసుకునే ఒక ముసలాయన, అంతే. అది నాకు ఆ రాత్రే అర్థమైంది.

మర్నాడు ఘటం లేచింది. డప్పులు కాసేపు తోడు వెళ్ళి వెనక్కి వచ్చేశాయి. ముసలమ్మ ఒక్కతే, వెనక నలుగురు ఆడవాళ్ళు. అరుగు మీద మావ మొదలుపెట్టాడు. ఏం పాడాడండీ! కంఠం గంటలా మోగింది. నా భయం సగం తీరిపోయింది. ప్రెసిడెంటు కుర్చీ వేసుకుని ముందే కూర్చున్నాడు.

కథలో అమ్మవారు ముసలి రూపంలో ఏటి ఒడ్డుకి వస్తుంది. పడవవాణ్ణి పిలుస్తుంది. పిలిచి ఒక మాట అడుగుతుంది. మావ పిలిచాడు. చెయ్యెత్తి, "ఓరి పడవోడా..." అని రాగం తీశాడు.

ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

గజ్జెలు ఆగిపోయాయి. మావ కళ్ళు జనం మీద తిరుగుతున్నాయి, ఎవరినీ చూడ్డం లేదు. తప్పిపోయిన పిల్లాడు సంతలో చూసినట్టు చూస్తున్నాడు. తాళాల ముసలాయన బెదిరిపోయి తాళాలు గుండెకి అదుముకున్నాడు. ప్రెసిడెంటు కుర్చీలోంచి ముందుకి వంగాడు.

నేను ఆగలేదు.

ధైర్యం అని అనకండి. ఆగడం తెలియక. ఎడం చెయ్యి లాగుతోంది, కుడి చెయ్యి మీటుతోంది. డుంవ్... డుంవ్... రెండు దెబ్బలు కింద, ఒకటి పైకి లాగి వదలడం. భయానికి చెయ్యి పరుగెత్తాలని చూస్తోంది. పరుగెత్తితే మావ ఇంక అందుకోలేడని నాకెందుకో తెలిసింది. ఏటి ఒడ్డున ముసలిది నిలబడి ఉంది, పడవ ఇంకా రాలేదు, నీళ్ళు ఒడ్డుని తాకుతున్నాయి. అదే వాయించాను. నా ఎగుళ్ళు, సినిమా నడకలు అన్నీ ఎటు పోయాయో. వేలి చివర చిట్లి నరం తడిగా జారుతోంది. నా జన్మలో నేను కుదురుగా నిలబడ్డది ఆ కాసేపే.

ఎంతసేపంటే చెప్పలేను. జనంలో గుసగుసలు లేచాయి. "ఆగిపోనాది... ఆగిపోనాది..." అన్నారెవరో. అత్త ఆడవాళ్ళ ముందు వరసలో ఉంది. నోరు కదుపుతూ మాట అందిస్తోంది, మావ అటు చూస్తేనా. అప్పుడు అత్త లేచి నిలబడలేదు, అరవలేదు. మంచం పక్కన కూర్చుని కథ వినే పిల్లలాగా, గట్టిగా, "ఊఁ... తరవాతేటైనాది?" అంది.

మావ మెడ తిప్పాడు. ముందు అత్త కేసి, తర్వాత నా జముకు కేసి చూశాడు. పైకెత్తిన చెయ్యి మెల్లగా దించాడు.

"ఓరి పడవోడా, ఏరు దాటించడానికి నీకేటి కావాల? నా దగ్గర బంగారం నేదు, నీకో కొడుకునిస్తాను..."

గజ్జెలు ఘల్లుమన్నాయి. నేను ఏడుస్తున్నానని ముక్కు కారితే తెలిసింది.

పొద్దు వాలింది. ముసలమ్మ ఘటంతో వచ్చేసింది. పసుపునీళ్ళకి చీర ఒంటికి అతుక్కుపోయి, కాళ్ళు మోకాళ్ళదాకా బురద. ఘటం గుడిలో పెట్టి ఇలా తిరిగిందో లేదో ప్రెసిడెంటు లేచాడు.

"అందరూ సూసినారు కదా. కథ మద్దెలో ఆగిపోనాది. అనకూడదు గాని, అప్పుడే ఘటం దించాల్సింది."

"ఆగనేదు, జముకు పలుకుతానే ఉన్నాది" అన్నాడు తాళాల ముసలాయన.

"జముకు కథేటి? నోటితో సెప్పేదే కథ!"

మాటా మాటా పెరిగింది. ఎవరో అన్నారు, "ఘటం మోసినావిడ్ని అడగండి, ఆగితే దించాల్సింది ఆవిడ కదా" అని. ప్రెసిడెంటు ముసలమ్మ వైపు తిరిగాడు. "నీకు కథ ఆగినట్టు తెలవనేదేటి?"

ముసలమ్మ చీర పిండుకుంటూ అతన్ని పైనించి కిందకి చూసింది.

"నానెక్కడున్నాను, కథెక్కడున్నాది? ఆ సివర వీధికెల్లిపోతే నాకు మాటలు ఎప్పుడు ఇనబడ్డాయిరా? నీ తాత కాలం నుంచి మోస్తన్నాను, ఒక్క ముక్క ఇననేదు. ఆ డుమ్ము డుమ్మే ఇనబడతాది. దాని మీదే అడుగేస్తాను. అది ఆగనేదు, నా కాలు ఆగనేదు. ఇంకేటి నీ గోల?"

జనం గొల్లుమన్నారు. ప్రెసిడెంటు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అరుగు మావకే మిగిలింది.

ఇంటికి నడుస్తున్నాం, మావ ముందు, అత్తా నేనూ వెనక. గజ్జెలు భుజాన వేసుకున్నాడు. మా గుమ్మం దగ్గరికొచ్చాక ఆగి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ బాగా అర్థం కాదు.

"ఇన్నావేటిరా? పుట్టి బుద్దెరిగినప్పటి నుంచి గొంతు సించుకుంటన్నాను. నా మాట దానికి ఒక్కటీ ఇనబడనేదట."

అత్త, "నాకు ఇనబడ్డాయి కదా" అంది లోపలికి వెళ్ళిపోతూ.

పండగ దాటాక మావే నన్ను విజయనగరం బస్సెక్కించాడు. టిక్కెట్టు చేతిలో పెట్టి, "ఏడకెల్లినా పాడీవోడి మీద కన్నుంచు. ఆడు మర్సిపోతాడు. ఎంతటోడైనా మర్సిపోతాడు" అన్నాడు. మరుసటి ఏడు కూడా అరుగు మీద ఆయనే చెప్పాడట. ఆ తర్వాత ఇంక చెప్పలేకపోయాడు. మైకు సెట్టు రానే వచ్చింది. కరెంటు పోయిన రోజున ఘటం ఏం చేశారో నేను అడగలేదు.

ఆర్కెస్ట్రాలో మొదటిసారి బేస్ గిటారు నా మెడకి తగిలించినప్పుడు నాకేం కొత్తగా అనిపించలేదు. నాలుగు జముకులు ఒక చెక్కకి కట్టారు, అంతే. స్వరాల పేర్లు తర్వాత నేర్చుకున్నాను, అదీ ఒక పాత హార్మోనియం ముందు కూర్చుని నాకు నేనే. శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా ఎక్కని స్టేజీ లేదు. అక్కణ్ణించి మద్రాసు, స్టూడియోలు. ఒకచోట నిలవలేదు. గది మారేవాణ్ణి, ఊరు మారేవాణ్ణి. గిటారు భుజాన ఉంటే చాలు. మావ చెప్పింది మాత్రం ఎక్కడికి పోయినా నిజమైంది. పెద్ద పెద్ద గాయకులు, శాలువాలు కప్పించుకున్నవాళ్ళు, రెండో చరణం దగ్గర నీళ్ళు నమిలేవారు. కళ్ళు అవే కళ్ళు, సంతలో తప్పిపోయిన కళ్ళు. నేను వెనక నించి ఏటి ఒడ్డు వాయించేవాణ్ణి. పడవ వచ్చేదాకా. చప్పట్లు వాళ్ళకి పడేవి. పడనీండి, దానికి నాకు బాధ లేదు.

కోపం ఎక్కడంటే, ఒకరోజు స్టూడియోలో కొత్త కుర్రాడు కీబోర్డు ముందు కూర్చున్నాడు. "బేస్ నేనే ఎడం చేత్తో వేసేస్తాను, మీరు వెళ్ళొచ్చు" అన్నాడు. ఆ ఎడం చెయ్యి ఎవరికి ఊఁ కొడుతుందయ్యా? తన కుడి చేతికి తానే ఊఁ కొట్టుకుంటాడా? అడిగాను. నవ్వారు. గిటారు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఒక సంగతి మిగిలింది. నేను బాగా వాయించే రోజుల్లో మా ఊరి పక్కనే ఆర్కెస్ట్రా పెట్టారు. మావ అప్పటికే మంచం దిగడం లేదు. ఎవరినీ పోల్చుకోవడం లేదు. ప్రోగ్రాం అయ్యాక ఇంటికి వెళ్తే అత్త గుమ్మంలోనే చెప్పింది.

"ఈడకి పాటలేటీ ఇనబళ్ళేదురా. డుమ్ము డుమ్మనొక్కటే ఇనబడ్డాది. మీ మావ గోడకి సెవి ఆనించి కూకున్నాడు. 'ఆగనేదే... ఆగనేదు' అన్నాడు."

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. మంచం మీద ఒక పక్కకి వాలి, ఫోను చూసుకుంటూ వింటోంది. వింటోందో లేదో తెలియదు. మావ అరుగు మీద చెయ్యెత్తే చోటుకి వచ్చాను. "ఓరి పడవోడా..." అని చెయ్యెత్తి రాగం కూడా తీశాను. తీసి, ఆగిపోయాను.

అమ్మవారు పడవవాణ్ణి ఏమడిగింది?

పైన రాసింది చూస్తే మీకు తెలుసు. నాకు మాత్రం ఆ క్షణాన గుర్తు లేదు. మొత్తం తుడిచేసినట్టు ఉంది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఎదుటి లాడ్జి కుర్రాడు బకెట్ దొర్లించాడు. నా చెయ్యి గాల్లో ఉంది. మావ కళ్ళు ఎలా తిరిగాయో నాకు లోపల్నించి తెలుస్తోంది. నా వెనక ఎవరూ లేరు, జముకు లేదు, ఆ డబ్బా ఏ పాత ఇత్తడి కొట్టులో కరిగిపోయిందో.

పిల్ల ఫోనులోంచి తలెత్తలేదు. ఎడం చేత్తో మంచం కోడు మీద మెల్లగా తట్టింది, ఊరికే, అలవాటుగా.

"ఊఁ" అంది. "తరవాతేటి తాతా?"

అందుకున్నాను.